పేర్లు పిలిచిన కాంపౌండరు

మాలకొండయ్యని ఒక కాంపౌండరు ఉండేవాడంట. మేకలదిన్నె సెంటర్లో, బస్సులు ఆగే చోటికి ఎదురుగా, రేకులు దించిన మందుల కొట్టు. కొందరు ఆయన డాక్టరని చెప్తారు. కాదు. ఆ పై బజారు చెంచయ్య ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా డాక్టరు డాక్టరంటాడు, వాడికి తెలీదు, తెలుసుకోడు కూడా. వాడి దగ్గిర వినొచ్చినోళ్ళుంటే లేచి పోవచ్చు, నేనేమనుకోను. కాంపౌండరే. అయితే ఎట్టాంటి కాంపౌండరనుకున్నారు? సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాల, అది ఆయనే కడిగేవాడు, మనం కడిగినా మళ్ళా కడిగేవాడు. ఎర్రమందో పచ్చమందో కలిపి, కాగితం ముక్కకి గంట్లు పెట్టి కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు, గంటుకొక మోతాదు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఉందే, దాన్ని పైనుంచి కిందదాకా పైకే చదివేవాడంట, ఒక్క వరస దాటనిచ్చేవాడు కాదు. "వరస దాటితే మనిషి పోతాడు" అనేవాడు. ఆ అలవాటే ఆయన్ని ఎక్కడికి తీసుకుపోయిందో అదే ఈ కథ.

ఇంకో రివాజుంది. ఆయనకి పని నేర్పిన ముసలి కాంపౌండరు చెప్పిపోయినది. మందు చేతికిచ్చేటప్పుడు "ఇంక రాబాకు" అనాల. తీసుకున్నోళ్ళు పోయొస్తానని అనకూడదు, తలూపి పోవాల, అంతే. వినేదానికి కటువుగా ఉంటది, కానీ మందుల కొట్టుకి మళ్ళా రావాలని ఎవరు కోరుకుంటారు చెప్పు? మాలకొండయ్య ఆ మాట అన్నాడంటే దానికి పట్టుండేదంట. బతికినోళ్ళు అదే రోగంతో మళ్ళా రాలేదు. పోయినోళ్ళు అసలే రాలేదు. నవ్వుతున్నావేందమ్మాయ్? పోయినోళ్ళెట్టా వస్తారనా? విను, వింటే తెలుస్తది.

ఆయన భార్య నాంచారమ్మ. పిల్లలు లేరు. ఒకరికొకరు అన్నట్టుండేవాళ్ళు. ఒక ఎండాకాలం ఆమెకి విషజ్వరం పట్టుకుంది. ఎవరి చేతి మందు తాగుద్ది, మొగుడి చేతిదే. ఆయన సోంపు అరకు పోసి కలిపాడు, గంట్లు కత్తిరించాడు, అంటించాడు, మంచం కాడికి తెచ్చి సీసా చేతికిచ్చాడు. ఇచ్చి ఏమన్నాడనుకున్నారు? "ఇంక రాబాకు" అన్నాడు. ఇంట్లో మనిషిని అట్టా అంటారా అంటే, రివాజు గందా, అనకపోతే మందుకి పట్టుండదేమోనని భయం. ఆమె ఆయన వంక ఒక చూపు చూసిందంట. ఇంక మాట్టాడలా. మూడో రోజు పొయ్యింది. చూడండి, ఇన్నేళ్ళు కాపురం చేసి, పెళ్ళానికి ఆఖరికి చెప్పింది ఆ ఒక్క మాట. ఆ తర్వాత పదకొండేళ్ళు, ఎవరన్నా అడిగితే "మా ఇంట్లో ఆమె లేదు" అనేవాడే గానీ, చనిపోయిందన్న మాట ఆయన నోటికి రాలేదు. ఒక్కసారి కనపడితే బాగుండు, ఆ మాట వెనక్కి తీసుకుందునని లోపల ఒకటే మండేది.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఎలక్షన్లొచ్చినయ్యి. తిరపతయ్యని ఒక పార్టీ మనిషి, జీపున్నోడు, కొట్టు ముందు దిగి "మావా, ఈసారి ఎమ్మెల్యేకి నువ్వు నిలబడాల" అన్నాడంట. ఆయన నవ్వి, "నేనా? నాకు అరకు కొలవడం తప్ప ఏమొచ్చు తిరపతీ?" అంటే, "నీ చేతి మందు తాగని కడుపుందా ఈ తాలూకాలో? అవతల రైసుమిల్లు ఆసామి నిలబడతన్నాడు. ఆయన మొహం చూస్తే జనానికి నూకలు గుర్తొస్తయ్యి. నీ మొహం చూస్తే ప్రాణం గుర్తొస్తది" అని, అట్టా ఇట్టా మాటలు చెప్పి ఒప్పించాడు. ఒంటరి మనిషి. కొట్టు మూస్తే ఇంట్లో పలకరించే దిక్కు లేదు. జనంలో ఉండొచ్చు గదా అని ఒప్పుకున్నాడు, అంతకుమించి ఆశేం లేదు ఆయనకి. ఉన్నమాట చెప్పాల, నాకు ఆయన మీద కోపమున్నా సరే.

మొదటి ఊళ్ళో ప్రచారానికి పొయ్యారు. ఆయన గడప గడపకీ దణ్ణం పెడతా, అలవాటు మీద "ఇంక రాబాకండి, ఇంక రాబాకండి" అనుకుంటా పోతన్నాడంట! తిరపతయ్య తల పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతా మావా, ఓటడిగేటోడు ఎక్కడన్నా రాబాకంటాడా? రమ్మను! రావాలి, తప్పకుండా రావాలి, అను!" "అది నా నోట పలకదు తిరపతీ. ఆ మాట నా గురువు వద్దన్నాడు." "గురువు కొట్లో వద్దన్నాడు. ఇది కొట్టా? ఇది జీపు." అంటానే తిరపతయ్య ఆయన చేతికి మైకిచ్చి, ఓటర్ల జాబితా ఒళ్ళో పెట్టి, "నీకు అందరి పేర్లూ తెలుసు గదా, పేరు పేరునా పిలువు, పెళ్ళికి పిలిచినట్టు పిలువు" అన్నాడు.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. చీటీ చదివినట్టే. పైనుంచి కిందకి, ఒక్క వరస దాటకుండా. ఫలానా ఇల్లు, ఫలానా వారు, మీరు తప్పకుండా రావాలి. ఫలానా వారు, మీరు తప్పకుండా రావాలి. అట్టా చదవతా చదవతా "తాటి పేరయ్య, మీరు తప్పకుండా రావాలి" అన్నాడు. బజారంతా టక్కున ఆగిపొయ్యింది. దంచే రోలు ఆగిపొయ్యింది. పేరయ్య పోయి నాలుగేళ్ళు. గవర్నమెంటు జాబితా సంగతి మీకు తెలిసిందే, ఆఫీసుకి పోయి ఎవరూ చెప్పకపోతే మనిషి పొయ్యినా పేరు పోదు. మాలకొండయ్యకి గుర్తుంది, పేరయ్య సీసా గూడా గుర్తుంది, కానీ వరస దాటలేక చదివేశాడు. అయిపోయింది, రాళ్ళేస్తార్రా అని తిరపతయ్య జీపు స్టార్టు చేశాడంట. ఈలోపల పేరయ్య పెళ్ళాం బిందెతో నీళ్ళు తెచ్చి జీపు చక్రాలకి పోసింది. కళ్ళంబడి నీళ్ళు. "ఈ నాలుగేళ్ళలో మా ఇంటాయన్ని పేరుపెట్టి పిలిచినోడివి నువ్వొక్కడివే అన్నా. మా ఇంట్లో ఓట్లన్నీ నీకే" అంది. తిరపతయ్య మొహం వెలిగిపొయ్యింది. "మావా! ఇంక ఒక్కణ్ణి గూడా వదలబాకు" అన్నాడు.

చూశారా, మొదటిసారి పొరపాటు. రెండోసారి నుంచీ కాదు. మస్తానమ్మని పిలిచాడు, చుక్కా వెంకటసుబ్బయ్యని పిలిచాడు, పల్లెలో ఆరేపల్లి ఎలీసమ్మని పిలిచాడు. అందరూ ఆయన మందు తాగి, బాగుపడక పోయినోళ్ళే. ఒక్కొక్కళ్ళకీ ఒకప్పుడు రాబాకు అని చెప్పిన నోరు, ఇప్పుడు పేరుపెట్టి రమ్మంటంది. ఊరూరా ఆడోళ్ళు ఏడవడం, హారతులివ్వడం. ఆఖరి రోజున సొంతూరు, మేకలదిన్నె. జాబితా ఒళ్ళో ఉంది. తన ఇంటి నంబరొచ్చింది. దాని కింద రెండు పేర్లు. ఒకటి తనది. రెండోది అట్టా చూస్తా ఆగిపొయ్యాడంట. జనమంతా ఆయన్నే చూస్తన్నారు. తిరపతయ్య మోచేత్తో పొడిచాడు. అప్పుడు, మైకు దగ్గిరగా లాక్కొని, మెల్లిగా, "నాంచారమ్మా, నువ్వు తప్పకుండా రావాలి" అన్నాడు. మిగతా అందరికీ మీరు. ఆమెకి నువ్వు. అన్నాడో లేదో మైకు కీచుమని అరిచి ఆగింది, సోంపు అరకు వాసన జీపంతా కమ్మింది. జీపులో సీసా లేదు, ఏమీ లేదు.

ఓట్ల రోజు. స్కూలు గదిలో పోలింగు బూతు. పొద్దున్నుంచీ లైను బాగానే ఉంది. మిట్టమధ్యాహ్నానికి ఎండ పేలిపోతా ఉంటే జనం ఇళ్ళకి పొయ్యారు, గదిలో గుమాస్తాలు నలుగురు, వాకిట్లో పోలీసాయన. ఏమైందంటే, అందరికీ ఒకేసారి కునుకు పట్టింది. ఎంతసేపో తెలీదు. లేచి చూసుకుంటే జాబితాలో గీతలు గీసున్నయ్యి, ఓటు కాగితాలు చింపిచ్చినయ్యి చింపిచ్చినట్టే ఉన్నయ్యి, లెక్క లెక్కకి సరిపోయింది. వేలికి పూసే సిరా బుడ్డి మాత్రం ఖాళీ. నేల మీద అడుగులు లేవు, దుమ్ము అట్టానే ఉంది. గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. "నువ్వు గీశావా?" "నువ్వు గీయలా?" ఎవరు పై ఆఫీసుకి చెప్తారు, నిద్రపొయ్యామని? నోరు మూసుకున్నారు. తాలూకా మొత్తం అన్ని బూతుల్లో అంతేనంట. మాలకొండయ్య నూటెనభై ఏడు ఓట్ల మీద గెలిచాడు. జాబితాలో పోయినోళ్ళ పేర్లు రెండొందల పదకొండు. చెంచయ్య మూడొందలంటాడు. నేను చెప్పేది రాసుకోండి. రెండొందల పదకొండు.

గెలిచిన నాలుగో రోజు. ఎమ్మెల్యే గారింటి వరండాలో పొడుగు బల్లలేశారు, అర్జీలు తెచ్చేటోళ్ళకి. పొద్దుటి పూట వచ్చినోళ్ళు వచ్చారు, పొయ్యారు. పన్నెండు దాటింది. ఆయన అన్నం తిని బయటికొచ్చేసరికి బల్లల నిండా మనుషులు. ఎవరూ మాట్టాడడం లేదు. ఒక్కొక్కళ్ళ ఒళ్ళో ఖాళీ సీసా, పక్కన గంట్ల కాగితం. ఆ కాగితాలు ఎవరు కత్తిరించారో ఆయనకి తెలీదూ? ప్రతివాళ్ళ వేలికీ సిరా చుక్క, అది ఆరలేదు, తడితడిగా మెరుస్తంది, బల్ల మీద ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ మరక. ఆయన గుమ్మం పట్టుకొని నిలబడిపొయ్యాడు. ముందు బల్ల మీద ఎలీసమ్మ, బతికున్నప్పుడు గూడా ఆమె నోటికి ఊరు జడిసేది, "ఏమయ్యా కాంపౌండరయ్యా, రమ్మన్నావుగా, వచ్చినోళ్ళకి మంచినీళ్ళన్నా ఇయ్యవా? ఎమ్మెల్యేవయ్యాక గొప్పోడివయ్యావా?" అంది. ఆయన చేతులు జోడించి, పాత మాట తీశాడు. "ఇంక రాబాకండి." ఎవరూ కదల్లా. ఎలీసమ్మ నవ్వింది. "ఒకసారి తిప్పిన మాట గందయ్యా. ఇంక దానికేం పట్టుంటది?"

అప్పుడు చూశాడంట ఆఖరు బల్ల చివర. నాంచారమ్మ. పోయిననాడు కట్టుకున్న నేత చీరే. సీసా ఒళ్ళో పెట్టుకొని, ఆయన వంకే చూస్తా. పోయేటప్పుడు చూసిన చూపే, అక్కణ్ణించి తెగలేదన్నట్టు. భయమంతా ఎటుపోయిందో, ఆయన పోయి ఆమె ముందు కూర్చున్నాడు. "ఆ రోజు అన్న మాట తప్పు నాంచారీ. రివాజు కోసం అన్నా" అన్నాడు. ఆమె పలకలా. పలక్కపోయినా ఉంది గదా. పదకొండేళ్ళ తర్వాత ఉంది గదా. రోజూ పన్నెండింటికి రావడం, మూడింటికి బల్లలు ఖాళీ అవడం. మిగతా వాళ్ళని చూస్తే జడుపు, ఈమెని చూస్తే ప్రాణం. పొద్దున్నించీ పన్నెండు ఎప్పుడవుద్దా అని గడియారం చూసేవాడంట. బతికున్నోళ్ళకి మాత్రం ఆ వరండా ఎక్కితే బల్లలు చల్లగా, సీసా కడిగిన నీళ్ళ వాసన, కూర్చోబోతే ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు. ఒకరొకరే రావడం మానేశారు. తిరపతయ్య వచ్చి, గడప ఎక్కకుండానే, "మావా, నాకేమీ కనపళ్ళా గానీ, నేను మాత్రం జీపులోనే కూర్చుంటా" అన్నాడు.

ఏడాది గడిచింది అనుకో. ఒక మధ్యాహ్నం ఎలీసమ్మ లేచి నిలబడింది. "మా అర్జీ విను కాంపౌండరయ్యా. ఎమ్మెల్యేవి గదా. మా పేర్లు ఆ కాగితాల్లో ఉన్నయ్యి. ఉన్నంతకాలం పిలిచినోడల్లా పిలుస్తాడు, మేము రావాల్సిందే. నువ్వే కాదు, రేపు ఇంకోడు. కాళ్ళు గుంజుతున్నయ్యి. ఈ సిరా ఆరదు, ఒళ్ళు ఆరదు. మా పేర్లు కొట్టేయించు." "ఎంతమందివి?" "అందరివీ." ఆయన ఆఖరు బల్ల వంక చూశాడు. నాంచారమ్మ తల దించుకుంది.

తిరపతయ్యకి చెప్తే ఎగిరిపడ్డాడు. "అవి నీ సొంత ఓట్లు మావా! రెండొందల పదకొండు! ఎవరన్నా కూర్చున్న కొమ్మని నరుక్కుంటారా?" మాలకొండయ్య పట్టించుకోలా. ఓట్ల సంగతి కాదు ఆయన్ని పట్టుకుంది, అది తిరపతయ్యకేం తెలుసు. తాసిల్దారాఫీసుకి పొయ్యాడు. అక్కడ తాసిల్దారు, "ఒక్కో పేరుకి ఒక్కో కాగితం నింపాలండి. కింద కారణమని గడి ఉంది, అందులో చనిపోయినారు అని రాసి, తెలిసినోళ్ళు సంతకం పెట్టాల" అన్నాడు. కట్ట తెచ్చుకున్నాడు. రోజూ మధ్యాహ్నం వరండాలో కూర్చొని రాయడం. పేరు రాసేటప్పుడు ఆ మనిషికి ఏ మందు కలిపాడో పైకి చెప్పేవాడంట, పొరపాటు జరిగితే అదీ చెప్పేవాడు. "పేరయ్యా, నీకు రెండో గంటు పెద్దదైంది. నా చెయ్యి వణికింది ఆ రోజు." "పోనీలేవయ్యా" అనేవాడు పేరయ్య. కారణం గడిలో ఆ మాట రాసి సంతకం పెట్టగానే, బల్ల మీద అంత మేర ఖాళీ. సిరా ఆరిన మరక ఒకటే ఉండేది. ఎలీసమ్మ కాగితం రాసేటప్పుడు, "మంచి దస్తూరీ నీది, మందుకన్నా" అని ఎకసెక్కం చేసి పొయ్యిందంట.

రెండొందల పది రాశాడు. ఒక్కటి మిగిలింది. కాగితం ముందు పెట్టుకున్నాడు, కలం పక్కన పెట్టాడు. ఆ రోజు రాయలా. మర్నాడు రాయలా. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. తాసిల్దారు కబురు పంపితే, రాస్తన్నా రాస్తన్నా అనేవాడు. వరండాలో ఇద్దరే. ఎండలో, ఆ పొడుగు బల్లల మధ్య, ఆమె ఒక్కతే. అంతమంది ఉన్నప్పుడు ఒకరి పక్క ఒకరు కూర్చొని ఉండేవాళ్ళు, ఇప్పుడు ఆమెకి ఆ తోడు గూడా లేదు. సిరా వేలి మీద నుంచి మణికట్టు దాకా పాకింది, చీర కొంగుకి అంటింది. అది చూస్తా కూడా ఆయన కలం ముట్టలా. "నీకు కావాల్సిందేందో చెప్పు నాంచారీ, తెస్తా" అనేవాడు. మంచినీళ్ళు పెట్టేవాడు, విసనకర్రతో విసిరేవాడు. చివరికి, పదకొండేళ్లూ ఆ పైనా నోరు విప్పనిది, విప్పింది. "ఇదుగో. రాబాకన్నావు, రాలేదు. రమ్మన్నావు, వచ్చా. రెండు మాటలూ నీయ్యే. నా మాటేందని ఒక్కసారన్నా అడిగావా?"

ఆయనకి చెంప మీద కొట్టినట్టయింది. "అడుగుతున్నా. చెప్పు" అన్నాడు. "రాసెయ్యి" అంది. కాగితం తీశాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు, ఇంటి నంబరు రాశాడు. కారణమని గడి దగ్గిరికి వచ్చేసరికి కలంలో సిరా అయిపొయ్యింది. విదిలించాడు, రాలేదు. దేవుడే ఆపాడనుకున్నాడంట, కలం కింద పెట్టబొయ్యాడు. నాంచారమ్మ చెయ్యి చాపింది. వేలు ఆయన ముందు పెట్టింది, తడిగా ఉంది. ఆయన కలం పాళీ ఆమె వేలికి ఆనించి, ఆ సిరాతో, ఇంతకాలం నోటితో అనని మాట చేత్తో రాశాడు. చ, ని, పో... ఒక్కో అక్షరానికి ఒకసారి ఆనించి. రాయను రాయను వేలు ఆరిపోతా వచ్చింది. ఆఖరి అక్షరానికి మళ్ళా ఆనించబోతే అక్కడ వేలు లేదు. ఆ అక్షరం కన్నీళ్ళతో రాశాడని చెంచయ్య కలిపి చెప్తాడు. అట్టాంటిదేం లేదు. లోపలికి పోయి వేరే సిరా బుడ్డి తెచ్చుకొని రాశాడు. సంతకం పెట్టాడు. ఆ రోజు మూడైందాకా బల్ల మీద ఊరికే కూర్చొని, ఆ తర్వాత బోరుమని ఏడిస్తే సెంటర్లో బస్సు దిగినోళ్ళకి గూడా వినపడిందంట. ఇన్నేళ్ళకి ఆమె పొయ్యిందని అప్పుడు ఏడ్చాడు.

మలి ఎలక్షన్లో ఓడిపొయ్యాడు, రైసుమిల్లు ఆసామి గెలిచాడు, ఓడిపోతానని తెలిసే నిలబడ్డాడు. ఏ ఊళ్ళో పేరు పెట్టి ఎవరినీ పిలవలేదంట, ఊరికే దణ్ణం పెట్టి పొయ్యేవాడంట. కొన్నాళ్ళకి ఆయనా పొయ్యాడు. ఆయన పేరు ఆ నెల్లోనే ఆఫీసుకి పోయి కొట్టేయించారు, తిరపతయ్యే దగ్గిరుండి చేయించాడు. అది మాత్రం మంచి పని, ఒప్పుకుంటా.

ఇంక నా కోపం సంగతి. ఆ కాగితాలు రాసేటప్పుడు నేను పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనికి దూరం పోయి రెండేళ్ళు ఊళ్ళో లేను. ఎక్కడా కనపడ్డంలేదు గందా, వీడూ పొయ్యుంటాడ్లే అని ఆ ఊపులో నా పేరు మీద గూడా ఒక కాగితం రాసి పారేశాడు మహానుభావుడు. ప్రతి వరసా పైకి చదివే మనిషి, నన్నొక్కణ్ణి చూసుకోకుండా! నాకు సంతకం తప్ప అచ్చరం రాదు, కానీ నా పేరు ఎక్కడున్నా గుర్తుపడతా, ఆ జాబితాలో లేదు. ఇప్పటికి ఎన్ని ఎలక్షన్లు! పోయినప్పుడల్లా "నీ పేరు లేదు పెద్దాయనా, కారణం చనిపోయినారని ఉంది" అంటారు. నేనెదురుగా నిలబడే ఉన్నా గదరా అంటే, జాబితా ప్రకారం పోవాలంటారు. అదొక్కటే అయితే పర్లా. మధ్యాహ్నం పూట ఎవరింటి వరండా ఎక్కినా ముందు నా మొహం చూడరు, కాళ్ళ వంక చూస్తారు, మడమలు ఎటున్నయ్యోనని. అదుగో, నువ్వూ చూస్తన్నావు గదా అబ్బయా? చూసుకో బాగా. చూసుకున్నావా? ఇంక లెయ్యండి, పొద్దెక్కింది, పనులు చూసుకోండి.